బోర్లించిన ఆకు

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా సంఘం విందులో నేను ఏటా వడ్డనకు నిలబడింది సేవ చేయాలని కాదు. కూర్చోవడానికి నాకు పంక్తి లేక.

బక్కెట్టు చేతిలో ఉన్నవాళ్ళను నువ్వెందుకు కూర్చోలేదని ఎవరూ అడగరు. పైగా మెచ్చుకుంటారు. "ఆ ఇంటివాళ్ళకు సేవంటే ప్రాణం" అని ఒకసారి మైకులో కూడా చెప్పి చప్పట్లు కొట్టించారు. నేను సారు బక్కెట్టుతో సహా స్తంభం వెనక్కి జరిగాను. చారును మా దగ్గర సారంటారు.

మాది ఆంధ్రా పల్లెల నుంచి కోలారు బంగారు గనుల్లో పనికి వచ్చినవాళ్ళ సంఘం. వచ్చింది ముత్తాతలు. ఇప్పుడున్నవాళ్ళంతా దాదాపు కేజీఎఫ్‌లోనే పుట్టారు, ఇక్కడే చదివారు, ఇక్కడే పెళ్ళిళ్ళు చేసుకున్నారు. గనులు మూతపడే నాటికి నాకు నడక కూడా సరిగా రాదు. అయినా సంఘంలో "మనూరు" అంటే ఇది కాదు. సరిహద్దుకు అవతల ఎక్కడో ఉండే ఊరు. ఆ మాట అనేవాళ్ళలో చాలామంది ఆ ఊరిని చూసి ఎరగరు.

సంఘానికి పనులు బాగానే ఉంటాయి. ఆదివారం పొద్దున ఆసుపత్రిలో రోగులకు రాగి గంజి, వేడినీళ్ళు ఇస్తాం. పెళ్ళిళ్ళకు వంట పాత్రలు అరువిస్తాం. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ పూట అక్కడ పొయ్యి వెలగదు గనుక మేమే వండి పంపుతాం. శ్రీరామనవమికి రోడ్డు పక్కన పందిరి వేసి పానకం, మజ్జిగ పోస్తాం. ఉగాది తర్వాత వచ్చే ఆదివారం సంఘం విందు.

ఆ విందుకు ఒక పద్ధతి ఉండేది. పాత గోడౌనును బాగుచేసుకుని కట్టుకున్న రేకుల హాలు మాది. నేల మీద పొడవుగా చాపలు పరిచేవాళ్ళు. ఒక్కో చాప ఒక్కో ఊరిది. పలమనేరు పంక్తి, పుంగనూరు పంక్తి, కుప్పం పంక్తి, మదనపల్లె పంక్తి. బోర్డులేవీ ఉండవు, ఎవరి చాప ఏదో వాళ్ళకు తెలుసు. గనులు నడిచే రోజుల్లో షిఫ్టు దిగినవాళ్ళు ఊరివాళ్ళతో కలిసి కూర్చుని తినేవాళ్ళట. ఊరికి పోయి వచ్చినవాడు అక్కడ వాన పడిందా లేదా, ఎవరి ఎద్దు చచ్చింది, ఎవరి కూతురు కాన్పయింది అన్నీ ఆ పంక్తిలో చెప్పేవాడట. ఇప్పుడు చెప్పుకోవడానికి ఊరి కబుర్లు లేవు. బెంగుళూరు రైలు ఎంత లేటయిందో, ఎవరి అల్లుడికి వైట్‌ఫీల్డులో పని దొరికిందో చెప్పుకుంటారు. చాపలు మాత్రం ఊళ్ళ పేరు మీదే ఉండిపోయాయి.

వడ్డించేవాళ్ళు ఆఖరున తినాలి. వాళ్ళ కోసం ప్రతి పంక్తి చివరా ఒక అరిటాకును బోర్లించి పెట్టేవాళ్ళు. బోర్లించిన ఆకుంటే, మనవాళ్ళు ఒకరు రావలసి ఉందని అర్థం. ఆ చోట ఇంకెవరూ కూర్చోరు. వడ్డన అయ్యాక ఆ మనిషి వచ్చి ఆకు తిప్పి వేసుకుని కూర్చుంటే, అప్పటికే తిన్నవాళ్ళు లేచి ఆ మనిషికి వడ్డిస్తారు. ఆ ఆకు ఎవరిదో నోటితో చెప్పరు. రమ్మని పిలవరు. సొంత మనిషిని పిలవాలా అన్నది పెద్దవాళ్ళ మాట. పంక్తి అంతా లేచిపోయాక కూడా ఆకు అట్లాగే ఉంటే, రావలసిన మనిషి రాలేదని లెక్క. చాపలు చుట్టేవాళ్ళు దాన్ని తుడిచి కట్టలో పెట్టేస్తారు.

నా చిన్నతనంలో, బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయి కుప్పం పంక్తిలో ఉంటే నేనూ పోయి పక్కన కూర్చున్నాను. ఆకు వేశారు, నీళ్ళు చల్లారు. నేనూ అందరిలాగే ఆకును అరచేత్తో తుడిచాను. ఎదురుగా ఉన్న తాత ఒకాయన నన్ను చూసి నవ్వుతూ అడిగాడు.

"ఎవురి పాపవమ్మా నువ్వు? ఏ ఊరు మీది?"

"కేజీఎఫ్" అన్నాను.

పంక్తి మొత్తం నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. పిల్లలు ముద్దుగా ఏదో అంటే నవ్వే నవ్వు. "అది మనం పనిచేసిన తావు పాపా, ఊరు గాదు. మీ నాయన్నడిగి రాపో" అన్నాడు ఆ తాత.

నాన్న పొయ్యిల దగ్గర సారు బక్కెట్టు నింపుకుంటున్నాడు. నేను అడిగింది విని బక్కెట్టు కింద పెట్టాడు. నీళ్ళ చెంబు తీసి నా చేతికిచ్చాడు. "రా పాపా, నీళ్ళు పోద్దువు రా. అందురూ నిన్నే పిలుస్తారు చూడు" అన్నాడు. నిజంగానే అందరూ పిలిచారు. ఇటు రామ్మా, ఇటు పోయమ్మా అని. ఆ రోజు నాకు బాగా సంతోషంగా ఉండింది.

నాన్న ఏ పంక్తిలోనూ కూర్చోగా నేను చూడలేదని చాలా ఏళ్ళ తర్వాత, ఆయన పోయాక, ఒక మధ్యాహ్నం లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు అతికిస్తుంటే తట్టింది. తాత కూడా వడ్డనకే నిలబడేవాడట. తాతను పసితనంలో మేస్త్రీ ఒకాయన ఎక్కడి నుంచో తీసుకొచ్చి గని కూలీల వరస ఇళ్ళలో, లైన్లలో, వదిలాడు. ఏ ఊరి నుంచో తాతకే గుర్తు లేదు. మేస్త్రీ చెప్పకుండానే పోయాడు. అప్పటి నుంచి మా ఇంట్లో మగవాళ్ళ చేతికి బక్కెట్టు వచ్చింది. నాన్న తర్వాత అది నాకు వచ్చింది. ఆయన సారు పోసిన పలమనేరు చాపే నాకూ ఇచ్చారు. ఎవరూ ఆలోచించి ఇచ్చింది కాదు. ఆ బక్కెట్టు ఆ వరసలోదే అనుకున్నారు, అంతే.

నేను కోలారులో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. నా స్వభావానికి సరిపోయిన పని. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు, ఎక్కువ మాట్లాడరు. అమ్మ బెంగుళూరులో గార్మెంట్స్‌కు పోతుంది. చీకటి ఉండగానే రైలెక్కి చీకటి పడ్డాక దిగుతుంది. ఆదివారం ఆమెకు ఒళ్ళు తెలియని నిద్ర. అందుకని మా ఇంట్లో మాటలు తక్కువ. పడుకునే ముందు డైరీలో ఆ రోజు ఎవరైనా నాతో అన్న ఆఖరి మాట రాసుకోవడం నాకు ఒక అలవాటు. చాలా రోజులు అది బస్సు కండక్టరు మాటే అవుతుంది. "కొనే స్టాపు, ఇళీరమ్మా." చివరి స్టాపు, దిగండి అని. వెనక్కి తిప్పి చూస్తే పేజీల కొద్దీ నన్ను దిగమన్న మాటలే.

అందుకే ఆదివారాలు సంఘానికి పోయేదాన్ని. విందు రోజైతే వందలమందితో మాట్లాడేదాన్ని, రెండే మాటలతో. "సారు", "ఇంకొంచెం". నేను మాట్లాడని పిల్లనని ఆ రోజు ఎవరికీ తెలిసేది కాదు. కానీ వడ్డన చేస్తూ వంగినప్పుడల్లా, పంక్తి చివర బోర్లించి ఉన్న ఆకు కనబడేది. వడ్డించే వాళ్ళు ఒక్కొక్కరే పోయి తమ ఆకులు తిప్పుకునేవాళ్ళు. నేను వంటింట్లో గోడకు ఆనుకుని, స్టీలు పళ్ళెంలో అడుగున మిగిలిన చిత్రాన్నం పెట్టుకుని తినేదాన్ని. ఒక్క ఏడు, ఒక్కసారి, కింద కూర్చుని తినాలని ఉండేది. వేరే ఆశ ఏమీ లేదు. ఎవరైనా నా ఆకులో సారు పోసి "ఇంకొంచెం?" అని అడగాలని.

సంఘం వంటింటికి పెద్ద ఒక అవ్వ. పలమనేరు పంక్తి ఆమె. భర్త గనిలో పనిచేసి పోయాడు, కొడుకు కుటుంబంతో లైన్ ఇంట్లోనే ఉండేది. ఎవరినీ వదిలిపెట్టే నోరు కాదు ఆమెది. నేను ఆసుపత్రి గంజి పనిలో చేరిన కొత్తల్లో, వార్డులో ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్క మాటా లేకుండా గంజి పోసుకుంటూ వస్తుంటే గుమ్మం దగ్గర ఆపింది.

"ఏమ్మే, నోరు తెరిస్తే బంగారం రాలిపోతాదని మూసుకోనుండావా? గనులే మూసేసినారు గదా, ఇంగ నువ్వన్నా తెరువు."

పక్క మంచం మీద ఉన్న రోగి కూడా నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి. కానీ మరుసటి ఆదివారం ఆమె పక్కనే నడవాలని తొందరగా పోయాను.

అప్పటి నుంచి గంజి క్యాను ఇద్దరం చెరొకవైపు పట్టుకుని బంగారం తీసేసిన గని మట్టి పోసిన సయనైడ్ దిబ్బల పక్క దారిలో పోయేవాళ్ళం. గాలి లేస్తే దిబ్బల మీది తెల్ల దుమ్ము మా మీదకే వచ్చేది. ఆమె కొంగు తీసి క్యాను మూత మీద కప్పేది, తన తలకు కప్పుకునేది కాదు. మాట్లాడేదంతా ఆమే. కోడలు సంగటి గట్టిగా కెలకదని, టీవీలో చూపించే వంటల్లో ఉప్పెప్పుడు వేస్తారో తెలీదని. నేను ఊఁ కొట్టేదాన్ని. ఒక ఆదివారం ఉన్నట్టుండి అడిగింది.

"అవునుగానీ, మీదే ఊరుమ్మే?"

"తెలీదవ్వా."

"తెలీకుండా ఎట్లుంటాది? మీ తాత ఆకాశంలోనుంచి ఊడిపడినాడా?"

తాత సంగతి చెప్పాను. మేస్త్రీ సంగతీ చెప్పాను. నేను ఎవరితోనైనా ఒక్క బిగిన మాట్లాడిన మాటల్లో అవే పొడుగైనవి అనుకుంటాను. ఆమె కొంచెం దూరం నడిచింది. క్యాను చెయ్యి మార్చుకుంది.

"సరేలే. పలమనేరని చెప్పుకో. నీళ్ళు బాగుంటాయంట ఆడ."

"అట్లా ఎట్లా చెప్పుకుంటానవ్వా?"

"నోటితో చెప్పుకో. ఎవురు పొయ్యి విచారిస్తారు? నేను మాత్రం పలమనేరుకు ఎన్నిసార్లు పోయినానంటావు? పెండ్లయినాక ఒగేసారి. బస్టాండులో కాఫీ తాగి వచ్చేసినాము. మా ఆయన ఇల్లు యాడుండాదో ఆయనకే కనబడలేదు."

నవ్వాను. ఆమె కూడా నవ్వింది. వేళాకోళం అనుకున్నాను. ఊరంటే పక్కింటి నుంచి కరివేపాకు రెబ్బ తెచ్చుకున్నట్టు తెచ్చుకునేదా?

కిందటేడు ఉగాదికి ముందు సంఘం సమావేశం జరిగింది. మా అధ్యక్షుడు గనిలో ఫోర్‌మన్‌గా చేసిన పెద్దాయన, మైకు లేకపోయినా మైకు ఉన్నట్టే మాట్లాడతాడు. "వచ్చే ఏడాదినుంచి బఫే పెడదాం" అన్నాడు. "ఒగరికొగరు వడ్డించే పనే ఉండదు. ఎవురికి కావల్సింది వాళ్ళు ఏసుకుంటారు. పిల్లోళ్ళంతా అదే అడగతాండారు."

వంటింటి గుమ్మంలోనుంచి అవ్వ అంది, "నిలబడుకోని తినేవి గొడ్లు గదప్పా. అవి గూడా ఆఖరికి కూచోనే నెమరేస్తాయి."

"కాలం మారిపొయ్యింది అవ్వా. బెంగుళూరులో కల్యాణ మంటపాలన్నిట్లో అదే."

"బెంగుళూరోళ్ళకు మోకాళ్ళు వంగవు, పాపం. మనకేమొచ్చింది?"

"మోకాళ్ళు వంగంది నీకే గదవ్వా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"వంగవు గదా! అందుకే ఒగసారి కూచుంటే ఎవురు చెప్పినా లెయ్యను."

హాలంతా నవ్వింది. నవ్వులోనే బఫే ఖాయమైంది. ఆ ఏడు మాత్రం ఆఖరుసారిగా పంక్తులు వేద్దామన్నారు.

అందరూ లేచి కాఫీలకు పోతుంటే నేను కుర్చీలు మడుస్తూ ఉండిపోయాను. బఫే వస్తే నా చేతిలో బక్కెట్టు ఉండదు. దాక్కునే చోటు పోతుంది. అది సరే. చాపలు కూడా పోతాయి. నాకు కూర్చోవడానికి ఇక మిగిలింది ఆ ఒక్క ఆదివారం.

ఆ వారమంతా బస్సులో కిటికీ వైపు తిరిగి "పలమనేరు" అని లోపల అనుకుంటూ పోయాను. టమాటా లారీల వెనక బస్సు ఆగినప్పుడల్లా ఇంకోసారి అనుకునేదాన్ని. ఎవరైనా అడిగితే ఎట్లా చెప్పాలి? తల ఎత్తి చెప్పాలా, పని చేసుకుంటూ చెప్పాలా? తల ఎత్తి చెప్పడం నాకు చేతకాదని తేలింది.

విందు రోజు ఎండ ముందుగానే వచ్చింది. ఓళిగలు, అవే బొబ్బట్లు, పొద్దున్నే చేయడం అయిపోయింది. దుమ్ము పడకుండా గంగాళాల మీద తడిగుడ్డలు కప్పాము. అధ్యక్షుడు మైకులో "ఆఖరి పంక్తి" అని చెప్పి, నీళ్ళు తాగి మళ్ళీ చెప్పాడు. పలమనేరు చాప కొసన అవ్వ కూర్చుంది, మోకాలి కింద మడిచిన గోనె పెట్టుకుని. ఆమెను ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు. ఆమెకు అవతల, చాప చిట్టచివర, ఒక ఆకు బోర్లించి ఉంది.

చూశాను. పలమనేరు వాళ్ళ అబ్బాయి ఎవరో మజ్జిగ పోస్తున్నాడు కదా, అతనిది అనుకున్నాను. సారు పోశాను. అవ్వ దగ్గరకు వచ్చి వంగినప్పుడు ఆమె అడిగింది, "నువ్వెప్పుడు తింటావమ్మే?"

"అయినాక తింటానవ్వా."

"ఊఁ, అయినాక" అంది.

మామూలుగా ఎవరినీ వదలని మనిషి అంతకంటే ఏమీ అనలేదు.

మజ్జిగ కూడా అయిపోయింది. పుంగనూరు చాప దగ్గర ఒక ఆకు తిరిగింది. మదనపల్లె చాప దగ్గర ఇంకొకటి. మజ్జిగ అబ్బాయి పోయి కుప్పం చాపలో కూర్చున్నాడు. అతను అక్కడి అల్లుడట. పలమనేరు పంక్తి లేచి చేతులు కడుక్కోవడానికి పోయింది. అవ్వ మాత్రం లేవలేదు. ఎంగిలి చెయ్యి తన ఆకు మీద పెట్టుకుని అట్లాగే కూర్చుని ఉంది. చెయ్యి ఎండిపోతోంది. నా వైపు చూసింది. నేను బక్కెట్టు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాను.

పాపం, మోకాళ్ళు పట్టేసి లేవలేకపోతోందనుకున్నాను. సమావేశంలో ఆమె అన్నది గుర్తొచ్చింది. అడగడానికి మొహమాటపడుతోంది అనుకున్నాను. మొహమాటం సంగతి నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? బక్కెట్టు పక్కన పెట్టి పోయి చెయ్యి అందించాను.

ఆమె నా చెయ్యి వైపు చూసింది. తర్వాత నా మొహం వైపు చూసింది. "పట్టుకో. గట్టిగా పట్టుకో" అని మాత్రం అంది. లేపాను. కొళాయి దగ్గరకు నడిపించి చెయ్యి కడిగించాను. తిరిగి వచ్చి ఆ బోర్లించిన ఆకు ఇంకా అక్కడే ఉంటే, రావలసిన మనిషి ఎవరో రాలేదులే అనుకుని తీశాను. తడిగుడ్డతో తుడిచి కట్టలో పెట్టాను. చాప చుట్టాను. వంటింట్లోకి పోయి గోడకు ఆనుకుని తిన్నాను.

ఆ తర్వాత రెండు ఆదివారాలు అవ్వ గంజికి రాలేదు. క్యాను నేనొక్కదాన్నే రెండు చేతులతో మోసుకుని పోయాను. మూడో ఆదివారం ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఆమే ఉంది. ఊపిరి అందడం లేదని తెచ్చి చేర్చారట. ముక్కుకు గొట్టం పెట్టారు. మనిషి సగమైంది. నోరు మాత్రం అట్లాగే ఉంది.

"రామ్మే. గంజి పల్చగా చేసినారే? నేను రాకుంటే నీళ్ళే పోస్తాండారా రోగులకు?"

గ్లాసులో పోసి, చల్లార్చి, తాగించాను. సగం తాగి చాలంది. మూతి తుడుచుకుని, ఊపిరి తీసుకుని అడిగింది.

"ఆ పొద్దు నన్ను చెయ్యి పట్టి లేపితివే. నేను లెయ్యలేక కూచోనుండానని అనుకుంటివా?"

"అవునవ్వా."

"నా పక్కన ఆకు ఎవురిదనుకుంటివి?"

"మీ పంక్తికి వడ్డన చేసినవాళ్ళదని..."

"మా పంక్తికి సారు పోసిందెవురు?"

నా చేతిలో గ్లాసు ఉంది. దాని అడుగున కొంచెం గంజి ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఆ పంక్తికి సారు పోసింది మేమే. నాన్న, ఆయన తర్వాత నేను.

"చెప్పి ఉండొచ్చు గదవ్వా" అన్నాను.

"చెప్తారామ్మే ఎవురన్నా? మీ ఇంటోళ్ళను పిలిచి కూచోబెట్టుకుంటావా నువ్వు? నీకు ఊరిచ్చి ఎన్నాళ్ళాయె!" ఆమెకు దగ్గు వచ్చింది. తగ్గాక అంది, "నేనే ఏసినా ఆ ఆకు. పెద్దది చూసి ఏసినా. నువ్వు దాన్ని తుడిచి కట్టలో పెడితివి, ఎంత బాగా తుడిస్తివో."

కోపంగా అనలేదు. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను. వార్డులో ఇంకా చాలా మంచాలు మిగిలి ఉన్నాయి. అవతల ఒకామె గ్లాసు చాచి చూస్తోంది. నేను క్యాను ఎత్తుకున్నాను. అప్పుడు అవ్వ ఇంకొక్క మాట అని కళ్ళు మూసుకుంది. నేను దించిన క్యాను అవతలామెకు దగ్గరే ఉంది, ఆమే పోసుకుంది. నేను గంజి చల్లబడేదాకా అక్కడే కూర్చున్నాను. ఆ తర్వాత అవ్వ మళ్ళీ మాట్లాడలేదు, నిద్రపోయింది.

ఆ మరుసటి ఆదివారానికి ఆ మంచం మీద వేరే మనిషి ఉంది. పల్లె నుంచి వచ్చిన ఎవరో. నన్ను చూసి మొదట అడిగింది ఏ ఊరమ్మా అనే.

అవ్వ పోయిన పూట వాళ్ళింటికి అన్నం, సారు సంఘం నుంచి పంపాము. సారు నేను తీసుకుపోయాను. లైన్ ఇంటి ముందు రేకుల నీడలో బంధువులు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకామె పలమనేరు నుంచే వచ్చిందట, అవ్వ భర్త వైపు మనిషి. నేను వడ్డిస్తుంటే ఆమె నా మొహం పరీక్షగా చూసింది.

"నువ్వెవురమ్మా? ఏ ఊరు మీది?"

"పలమనేరు" అన్నాను. తల ఎత్తే చెప్పాను.

"అట్లనా! పలమనేరులో యాడ?"

గరిటె మళ్ళీ బక్కెట్టులో ముంచాను. తర్వాత, "బస్టాండు దగ్గర" అన్నాను.

"ఓ, బస్టాండు దగ్గరనా" అని ఆమె తృప్తిగా తల ఊపి, ఆకు కొంచెం నా వైపు జరిపింది. "పొయ్యమ్మా, ఇంకొంచెం పొయ్యి."

గోడ పక్కన గోనె సంచి ఒకటి మడిచి ఉంది. అవ్వ మోకాలి కింద పెట్టుకునేది. అది చూడకుండా సారు పోసుకుంటూ ముందుకు పోయాను.

ఈ ఏడు ఉగాది తర్వాత బఫే పెట్టారు. బాగానే జరిగింది. అధ్యక్షుడు తెల్లచొక్కా మీద సారు ఒలికించుకున్నాడు. అందరూ నిలబడి, పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని, ఎవరి పక్కన నిలబడాలో తెలియక అటూ ఇటూ జరుగుతూ తిన్నారు. ఊళ్ళు కలిసిపోయాయి. ఎవరికీ పంక్తి లేదు. అట్లా అయితే నాకు కొంచెం ఊరటగా ఉంటుందని అనుకున్నాను. ఉండలేదు. పళ్ళెం పట్టుకుని కాసేపు వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. తర్వాత, చాపలు చుట్టి పెట్టిన మూలకు పోయి, వాటి పక్కన కింద కూర్చుని తిన్నాను. పిల్లలెవరో చూసి "అక్క కింద కూచుండాది" అని నవ్వారు.

ఆసుపత్రికి ఇప్పటికీ పోతున్నాను. క్యానుకు అవతలి వైపు పట్టుకోవడానికి ఇంకా ఎవరూ రాలేదు. కోలారు బస్సు కండక్టరు రోజూ దిగమంటూనే ఉన్నాడు, డైరీలో అదే రాస్తున్నాను. అవ్వ చివరిగా మాట్లాడిన ఆదివారం పేజీలో మాత్రం ఆమె మాట ఉంది. నేను క్యాను ఎత్తుకుని పక్క మంచం వైపు తిరగబోతుంటే, కళ్ళు మూసుకునే ముందు, మంచం అంచున చెయ్యి ఆనించి కొంచెం అవతలికి జరిగి అంది.

"ఈడ పంక్తులు లేవు, ఆకులు లేవు. ఇంగనన్నా ఆ క్యాను కింద పెట్టి కూచోమ్మే."